తెల్లబడ్డ కన్ను

దేవుడి పటానికి అగరొత్తి గుచ్చాక, షట్టరు పూర్తిగా ఎత్తేలోపు, ఆ శ్రావణంలో ఇంకో పని కూడా వచ్చి చేరింది. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు వెనక సందులో ఉన్న ఆ మ్యాచింగ్ సెంటరులో పనివాళ్ళు ఏడుగురు. కళ్ళు ఎర్రబడ్డవాళ్ళంతా బల్ల మీద వరసగా కూచుని మెడలు వెనక్కి వాల్చేవాళ్ళు. అందరిలోకీ పెద్దదైన నళిని ఎడమచేతి బొటనవేలితో కింది రెప్ప లాగి, కుడిచేత్తో సీసా నొక్కి, కంటికో చుక్క వదిలేది. చివర్న తన కళ్ళలో తనే వేసుకునేది. సీసా ఒకటే.

ఊరంతా కళ్ళకలక మరి. సిటీ బస్సెక్కితే సగంమంది నల్లద్దాలే. దుకాణం యజమాని శ్యామ్‌సుందర్ సేఠ్ మాత్రం అద్దాలకి ఒప్పుకోలేదు. "నల్లద్దాలు పెడితే రంగులెట్ల చూస్తరు? ఎర్రకండ్లతోని నిలబడితే గిరాకి గడప తొక్కుతదా?" అని, నాంపల్లిలో తన దోస్తు మెడికల్ షాపు నుంచి ఆ సీసాలు తెప్పించాడు. "గిది వేస్కోండ్రి. సాయంత్రానికల్లా సాఫ్."

నిజమే, సాఫయ్యేది. గుడ్డ కోసే రాజేందరుకి తెల్లారేసరికి రెప్పలు పచ్చటి పుసితో అతుక్కుపోయి, వేణ్ణీళ్ళతో తడిపితేగానీ తెరుచుకునేవి కావు. చీరల ఫాల్స్ కౌంటరు విజయకి కొత్త సరుకు విప్పినప్పుడల్లా గంజిపొడి లేచి రెండు కళ్ళూ దురద, రుద్ది రుద్ది రక్తపుముద్దలు చేసుకునేది. మిగిలినవాళ్ళకి నీళ్ళు ధారలు. జబ్బులు మూడు రకాలు కనిపిస్తూనే ఉన్నాయి. మందు ఒకటే. ఎవరికీ అనుమానం రాలేదు, ఎందుకొస్తుంది? ఎరుపు పోతోంది కదా! పైగా నళిని చెయ్యి తేలిక, చుక్క పడ్డట్టే తెలియదని పేరొచ్చింది. పేరంటే ఎవరికి చేదు? నళిని కూడా కాస్త మురిసింది.

సోమవారం వరసలో భవ్యశ్రీ కూడా వచ్చి కూచుంది. ఇరవైరెండేళ్ళ పిల్ల, నాంపల్లి స్టేషన్లో మూటలు మోసే సాయన్న కూతురు. చేరి ఏడాది కాలేదు.

"అక్కా, నాకు ఒక్క కన్నే వచ్చింది. గీ ఎడమది."

"ఇవాళ ఒకటి, రేపు రెండోది. దానికేం తొందర? వాల్చు తల."

"పుసి గూడ లేదక్కా. దురద లేదు. ఒట్టి నొప్పే. ట్యూబ్‌లైటు దిక్కు చూస్తే సూదులు గుచ్చినట్టయితుంది."

నళిని చూసింది. చూడవలసినవన్నీ చూసింది. మిగతావాళ్ళ కంట్లో ఎరుపు రెప్పల దగ్గర చిక్కగా ఉంది, ఈ పిల్ల కంట్లో నల్లగుడ్డు చుట్టూ కట్టినట్టుంది. పోయినవారం జ్వరమొచ్చినప్పుడు పెదవి మూలన లేచిన పొక్కులు ఎండి ఇంకా పెచ్చుగానే ఉన్నాయి. మిరపపండు ఎరుపు వేరు, దానిమ్మగింజ వేరు, కుంకుమ వేరు అని ఇరవయ్యేళ్ళుగా చెప్పి బతుకుతున్న మనిషి నళిని. ఈ ఎరుపు ఆ ఎరుపు కాదని ఆమెకి తట్టింది కూడా. కానీ బయట ఎవరో షట్టరు మీద తట్టారు, గిరాకి. చుక్క వేసేసింది.

సాయంత్రానికి భవ్యశ్రీ కన్ను తెల్లగా ఉంది.

"చూశావా? అనవసరంగా ఏడుపు మొహం పెట్టావ్" అంది నళిని, గడ్డం పట్టుకుని ఊపుతూ. భవ్యశ్రీ నవ్వింది. నవ్వుతూనే ఆ కన్ను సగం మూసింది.

మంగళవారం గుమ్మం దగ్గరి కౌంటరులో ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. ఆ దుకాణానికి ప్రాణం ఆ కౌంటరే. చీర తెచ్చిన ఆడమనిషి చేతిలోంచి కొంగు అందుకుని, ట్యూబ్‌లైటు కిందినుంచి గుమ్మంలోకి లాగి, పగటి వెలుతుర్లో రెండుసార్లు తిప్పి చూసి, వెనక్కి తిరక్కుండానే "నాలుగో అర, కింది నుంచి ఆరోది" అనాలి. గోడ పొడుగునా నేల నుంచి కప్పుదాకా జాకెట్టు ముక్కల తానులు. ఎరుపులే నూరు దాటుతాయి. నళిని చెప్పిన తాను తీస్తే కొంగుకీ ముక్కకీ తేడా కనపడేది కాదు.

ఈ విద్య ఎంతమందికో నేర్పబోయింది. ఒక్కళ్ళకీ పట్టుబడలేదు. భవ్యశ్రీకి పట్టుబడింది. ఎలా పట్టుబడిందో దేవుడికే తెలియాలి, ఉల్లిపొర రంగుకీ పాత గులాబీకీ మధ్య తేడా మూడోనెలలోనే చెప్పేసింది. సుల్తాన్ బజారులో సేఠ్ రెండో దుకాణం తెరుస్తున్నాడు. దసరాకి నళిని అక్కడి పెత్తనానికి వెళ్ళాలి, ఈ గుమ్మం కౌంటరు భవ్యశ్రీది కావాలి. సేఠ్ నోటితోనే అన్నాడు. భవ్యశ్రీ ఆ మాట ఇంట్లో చెప్పిన రోజున సాయన్న మొజంజాహీ మార్కెట్లో సీతాఫలం ఐస్‌క్రీము కొని, కరిగిపోతుందని పరుగెత్తుకుంటూ తెచ్చాడట.

బుధవారం మధ్యాహ్నం భవ్యశ్రీ అన్నం డబ్బా మూత తియ్యలేదు.

"అక్కా, ఎరుపు పోయింది గని నొప్పి పోతలేదు. కన్నీళ్ళు ఊకె కారుతున్నయ్. సేఠ్‌ని జర అడుగు, పూట సెలవిస్తే దవాఖానకు పోయొస్త."

నళిని అడిగింది. సేఠ్ గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచి వచ్చి, ట్యూబ్‌లైటు కింద ఆ పిల్ల మొహం పైకెత్తి చూశాడు.

"ఇగో, మల్లెపువ్వు లెక్క తెల్లగుంది. దీనికి దవాఖాన ఏంది? శ్రావణం గిరాకి. పెండ్లిళ్ళోళ్ళు లైన్లల్ల నిలబడ్డరు. ఏం నళినమ్మా, నువ్వు చెప్పు. ఇందులో ఎరుపున్నదా?"

"ఎరుపైతే లేదండీ" అంది నళిని.

అబద్ధం కాదు. కాకపోతే ఆ పిల్ల ఎరుపు గురించి అడగలేదు, నొప్పి గురించి అడిగింది. ఆ సంగతి నళినికి అప్పుడే తెలుసు. సేఠ్ ముందర రెండో మాట అనాలంటే ఇరవయ్యేళ్ళలో ఏనాడూ నోరు పెగిలింది లేదు. దానికి ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. "పొద్దున ఒక్కసారి చాలట్లేదేమోనే. మధ్యాహ్నం, సాయంత్రం కూడా నేనే వేస్తాలే. రెండ్రోజుల్లో సర్దుకుంటుంది" అని, సీసాని తన చేతిసంచీలో వేసుకుంది.

వేసినప్పుడల్లా గంటసేపు హాయిగా ఉండేది. భవ్యశ్రీయే వచ్చి "అక్కా, ఇంకో చుక్క వెయ్యవా?" అని అడగడం మొదలుపెట్టింది. బాధపెట్టేదాన్నే మందనుకుని బతిమాలి వేయించుకుంది వెర్రిపిల్ల.

శుక్రవారం పన్నెండింటికి దుకాణంలో నిలబడ్డానికి చోటు లేదు. పెళ్ళికూతురి తల్లి ఒకావిడ గంధం రంగు పట్టుచీర తెచ్చింది. నళిని ఇంకొకరితో ఉంది. భవ్యశ్రీ కొంగు గుమ్మంలోకి లాగి చూసి, తాను తీయించి, రాజేందరు చేత మీటరు కోయించి ఇచ్చింది. ఆవిడ రోడ్డు మీదికి వెళ్ళి రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది.

"గుడ్డిదాన్ని పెట్టారా కౌంటర్లో? గంధానికి గులాబీ ఇచ్చింది!"

ముక్క విసిరితే వచ్చి కౌంటరు మీద పడింది. పచ్చి ఉల్లిపొర రంగు. చిన్నపిల్లలు కూడా పొరపడరు. రాజేందరు కత్తెర కింద పెట్టి చూస్తున్నాడు. సేఠ్ ఆవిడ ముందు చేతులు జోడిస్తున్నాడు.

నళిని భవ్యశ్రీ రెక్క పట్టుకుని మెట్టు మీదికి లాక్కెళ్ళింది. తన అరచేత్తో ఆ పిల్ల కుడికన్ను మూసి, పక్కన వేలాడుతున్న చిలకపచ్చ తాను చూపించింది.

"ఇదేం రంగు?"

"అక్కా..."

"రంగు చెప్పవే!"

"పొగ. అంతా పొగ లెక్క ఉంది. రెండ్రోజుల్నుంచి గంతే ఉంది. కుడికంటితోనే నడిపిస్తున్న. ఇయ్యాల వెలుతుర్ల అది గూడ తెరుచుకుంటలేదు. కౌంటరు పోతదని చెప్పలే."

నళిని ఆ పిల్ల చెయ్యి వదల్లేదు. సేఠ్ "నళినమ్మా, ఏడికి?" అని అరుస్తున్నా వినిపించుకోకుండా, ఇరవయ్యేళ్ళలో మొదటిసారి గిరాకి నడుమ చెప్పులు తొడుక్కుని, పిల్లని ఆటోలో కూలేసింది.

నాంపల్లి స్టేషను రోడ్డులో ట్రస్టువాళ్ళ కంటి దవాఖాన ఒకటుంది. చీటీ రాయించి కూచున్నారు. బెంచీల నిండా ఎర్రకళ్ళే. గోడవైపు తిరిగి కూచున్నా ఆ వెలుతురు తట్టుకోలేక భవ్యశ్రీ నళిని కొంగు లాగి మొహం మీద కప్పుకుంది. అప్పుడు ఫోను మోగింది. సేఠ్.

"నళినమ్మా, దవాఖానల మందు గురించి అడుగుతరు. మన దుకాణం పేరు రావద్దు. నా దోస్తు మెడికల్ షాపు పేరూ రావద్దు. తానే కొనుక్కున్నదని చెప్పమను. గట్లయితే ఆ పిల్ల కౌంటరు ఏడికి పోదు, నేను జిమ్మేదారు. నీ సుల్తాన్ బజార్ సంగతి గూడ యాదుంచుకో."

నళిని "సరేనండీ" అని పెట్టేసింది. ఆ పిల్లతో ఎలా అనాలో తెలియక, అనకుండానే లోపలికి తీసుకెళ్ళింది.

డాక్టరు వైశాలి చిన్నమనిషి, మాట గబగబా. చిన్న కాగితపు ముక్క తడిపి భవ్యశ్రీ కంట్లో రంగు అంటించింది. నారింజ రంగు. దీపం నీలంగా మార్చి మిషన్లోంచి చూసింది. నళినిని పిలిచి, పక్కనున్న తెర మీద చూపించింది. నల్లగుడ్డు మీద పచ్చగా మెరుస్తూ, ఎండిన చెట్టు కొమ్మలు పాకినట్టు, ఆ కొమ్మలన్నీ మధ్యలో కలిసి ఒక మడుగైనట్టు ఉంది.

"ఇది కళ్ళకలక కాదు. బయట బెంచీ మీదున్నవాళ్ళది కలక. నీళ్ళు కారతాయి, అంటుకుంటుంది, ఎక్కువమందికి వారం పదిరోజుల్లో దానంతటదే పోతుంది. పుసి చిక్కగా పచ్చగా వస్తే దానికి వేరే చుక్కలు. దురదే ఎక్కువుంటే ఎలర్జీ, దానికి వేరే. ఒక్క కన్ను, నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, మసక... ఈ నాలుగింట్లో ఏదున్నా ఆరోజే రావాలి. జ్వరం పొక్కులు తెచ్చిన క్రిమే కంట్లోకీ వచ్చింది." ఆమె భవ్యశ్రీ పెదవి వైపు చూపించింది. "ఏమైనా చుక్కలు వేశారా?"

నళిని సంచీలో సీసా ఉంది. సంచీ ఒళ్ళో ఉంది. రెండు చేతులూ సంచీ మీద ఉన్నాయి.

"వేసుకున్న మేడం" అంది భవ్యశ్రీ. "ఎరుపు పొయ్యే చుక్కలు. నేనే మెడికల్ షాపుల కొనుక్కున్న. రెండు రోజులే, రోజుకొక్కసారి."

"చదువుకున్నట్టున్నావ్, ఇదేం పని? అందులో స్టెరాయిడ్ ఉంటుంది. ఎరుపుని చంపుతుంది, లోపల పుండుని పెంచుతుంది. కన్ను తెల్లబడింది, బాగయిందనుకున్నావు కదూ? రెండు రోజులేనా? ఖాయమేనా?"

డాక్టరమ్మ ఈ మాట అంటూ నళిని వైపు కూడా చూసింది. నళిని తల ఊపింది. ఔననో కాదనో తెలియని ఊపు. సేఠ్ ఈ పిల్లకి కూడా ఫోను చేసి చెప్పుంటాడు, అదే మంచిదయింది అనుకుంది. సిగ్గు లేకుండా ఊపిరి కూడా పీల్చుకుంది. డాక్టరమ్మ చీటీ మీద రాసింది: సొంతంగా మందు, రెండు రోజులు. రోజుకి అయిదుసార్లు పెట్టే ఆయింటుమెంటు, మాత్రలు. వచ్చే గురువారం మళ్ళీ రమ్మంది.

ఆ శుక్రవారం సాయంత్రం నుంచీ సేఠ్ దుకాణానికి రాలేదు. ఒంట్లో బాలేదన్నారు. మళ్ళీ బుధవారం పొద్దున వచ్చాడు, నల్లద్దాలతో. గల్లాపెట్టె దగ్గర కూచుని అద్దాలు తీసి రుమాలుతో తుడుచుకుంటుంటే రెండు కళ్ళూ ఇంకా కొంచెం ఎర్రగానే ఉన్నాయి.

"మీగ్గూడ వచ్చిందా సేఠ్?" అన్నాడు రాజేందరు.

"వచ్చె. బర్కత్‌పురాల పెద్ద డాక్టరు దగ్గరికి పోయిన. ఏం మందూ రాయలే పో! చల్లనీళ్ళల్ల ముంచిన బట్ట కండ్ల మీద వేస్కొని పండుకో, తువ్వాలు ఎవ్వరికీ ఇయ్యకు, దుకాణం దిక్కు పోకు, అదే తగ్గుతదన్నడు. ఊకె కొనే చుక్కలు అసలే వెయ్యొద్దు, కండ్లు పోతయన్నడు."

విజయ కళ్ళు రుద్దుకోవడం ఆపింది.

సేఠ్ సొరుగు లాగి కొత్త సీసా తీసి, కౌంటరు మీద నళిని వైపు జరిపాడు. "కొత్త పిల్లకు కండ్లొచ్చినట్టున్నయ్. జర వెయ్యి, గిరాకొచ్చే యాల్లయింది."

కొత్త పిల్ల గుమ్మం కౌంటరు దగ్గర నిలబడి ఉంది. భవ్యశ్రీ నిలబడే చోట.

"భవ్యశ్రీ కౌంటరు?" అంది నళిని.

"సాయన్న వచ్చిండు నిన్న మా ఇంటికి, బిడ్డకు సెలవడగనీకి. చీటీ తెచ్చిండు. సొంతంగా మందేసుకున్నదని డాక్టరమ్మనే రాసింది కద! ఒంటికన్ను పిల్ల రంగులేం చూస్తది? నేనేం జేస్త? నా తప్పున్నదా అండ్ల? నువ్వు గూడ ఉన్నవట పక్కన."

ఎంత నిబ్బరంగా అన్నాడని! తన కళ్ళకి చల్లటి బట్ట, పనివాళ్ళ కళ్ళకి ఈ సీసా. ఆ చీటీ మీద రాత సేఠ్‌కి తాళపుచెవిలా పనికొచ్చింది. ఆ తాళపుచెవి చేసిచ్చింది తనేనని నళినికి ఆ క్షణాన బాగా తెలిసింది. కొత్త పిల్ల బల్ల మీద కూచుని బుద్ధిగా తల వాల్చింది.

"లేమ్మా" అంది నళిని. "ఇది వెయ్యను. ఇంటికి పోయి చల్లటి గుడ్డ వేసుకుని పడుకో. నొప్పి ఉన్నా, మసకున్నా దవాఖానకి పో."

"నళినమ్మా!"

"మీ డాక్టరు చెప్పిందేగా నేనూ చెప్తోంది."

మర్నాడు గురువారం. నళిని దుకాణానికి వెళ్ళలేదు. పాత సీసా, కొత్త సీసా రెండూ తీసుకుని నాంపల్లి వెళ్ళింది. బొగ్గులకుంటలో ఇంటి దగ్గర్నుంచి నడుస్తున్నంతసేపూ చెప్పాల్సిన మాటలు పేర్చుకుంది. చెప్పేస్తే చీటీ మీద రాత మారుతుంది, రాత మారితే సేఠ్ నోరు మూతపడుతుంది, ఆ పిల్లకి దారి దొరుకుతుంది. తనకి సుల్తాన్ బజారు పోతే పోయింది.

భవ్యశ్రీ, సాయన్న బెంచీ మీద ఉన్నారు. వాళ్ళని పలకరించే ధైర్యం లేక నేరుగా డాక్టరమ్మ గదిలోకి వెళ్ళి సీసాలు బల్ల మీద పెట్టింది.

"వేసింది నేనండీ. ఆ పిల్ల కొనుక్కోలేదు. మా దుకాణంలో అందరికీ నేనే వేశాను. అయిదురోజులు. బుధవారం నుంచి రోజుకి మూడుసార్లు."

వైశాలి సీసా తిప్పి చదివింది. తల ఎత్తలేదు.

"ఆరోజు అడిగానా లేదా? మీ మొహం చూసి అడిగాను."

"అడిగారండీ."

"అయిదురోజులు, రోజుకి మూడుసార్లు అని తెలిసుంటే మర్నాడే రమ్మనేదాన్ని. పడకలో పెట్టుకుని రోజూ చూసుకునేదాన్ని. రెండ్రోజులే కదాని ఆరు రోజులు గడువిచ్చాను. ఇందాక చూశాను ఆ అమ్మాయిని. పుండు మానుతుంది. మధ్యలో మచ్చ మానదు. ఆ కంటితో రంగే కాదు, మనిషిని కూడా గుర్తుపట్టడం కష్టం. నల్లగుడ్డు పైపొర మార్చడం సంగతి ఏడాది పోయాక మాట."

ఆమె చీటీ తెప్పించి, పాత మాటని అడ్డంగా కొట్టేసి, కొత్తగా రాసింది. దుకాణం పేరు అడిగింది, చెప్పింది. సేఠ్ పేరు అడిగింది, చెప్పింది. సంతకం పెట్టమంది. నళిని పెట్టింది. రాత మారింది. ఇరవయ్యేళ్ళ నౌకరీ ఆ సంతకంతో పోయిందని తెలిసినా ఆమెకి ఏమీ అనిపించలేదు, ఆరు రోజులన్న మాటే చెవుల్లో తిరుగుతోంది.

బయటికొచ్చి భవ్యశ్రీ ముందు నిలబడింది. సాయన్న జరిగి చోటిచ్చాడు. పాపం, ఆయనకేం తెలియదు. "కూసో బిడ్డా" అన్నాడు. నళిని కూచోలేదు.

"అంతా చెప్పేశానే. చీటీ మార్పించాను. సేఠ్ ఫోను చేసి నీకలా చెప్పమన్నాడని నాకు తెలుసు. ఇంక భయం లేదు."

భవ్యశ్రీ దూది కట్టిన కన్ను ఇటు, మంచి కన్ను అటు ఉండేలా కూచుంది. తల తిప్పి చూసింది.

"సేఠా? నాకెందుకు ఫోన్ చేస్తడు అక్కా? నా నంబరు గూడ ఉండదు ఆయన తాన."

"మరి నువ్వెందుకు...?"

"డాక్టరమ్మ గట్టిగ అడుగుతుండె. నువ్వు సంచి గట్టిగ పట్టుకొని కూసున్నవ్. నిన్ను తిడతదని నేనే అన్న." ఆమె గొంతులో కోపం లేదు, అదే నళినికి భరించరానిదైంది. "అన్నంక ఆగిన. డాక్టరమ్మ పెన్ను తీసి రాసేదాంక ఆగిన. కాదు మేడం, నేనే వేసిన అని నువ్వంటవనుకున్న. నువ్వు తల ఊపినవ్."

సాయన్న ఇద్దరి మొహాలూ చూశాడు, ఏం అర్థమైందో, కూచోమని జరిగిన చోటులోకి తనే మళ్ళీ జరిగి కూచున్నాడు.